ముఖానికి పాలిష్ పెట్టించుకునే ముందు

పెళ్ళిళ్ళ సీజను దగ్గరపడిందంటే మా చర్మవ్యాధుల ఓ.పి. ముందున్న బెంచీల మీద ఇరవై, ఇరవై రెండేళ్ళ అమ్మాయిలు, పక్కన వాళ్ళ అమ్మలు ఎక్కువగా కనబడతారు. వాళ్ళలో చాలామంది జబ్బు చేసి రారు. "సిస్టర్ గారూ, మొహానికి మిషనుతో పాలిష్ పెడతారంట కదండీ, చేయించుకుంటే మంచిదేనా?" అని అడగడానికి వస్తారు. కొందరు మాత్రం చేయించుకున్న తరువాత మొహానికి చున్నీ కప్పుకుని వస్తారు. ముందే అడిగేవాళ్ళు పెరిగి, చున్నీ కప్పుకుని వచ్చేవాళ్ళు తగ్గాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బ్యూటీ పార్లర్ల బోర్డుల మీద "స్కిన్ పాలిషింగ్" అని ఉండేది, డాక్టర్లు మైక్రోడెర్మాబ్రేషన్ అని పిలిచేది ఒకటే. ఒకప్పుడు దీనికోసం హైదరాబాదో విజయవాడో వెళ్ళేవారు. ఇప్పుడు ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ఈ మిషన్లు ఉన్నాయి. కొల్లేటి లంకల నుంచి కూడా అమ్మాయిలు వచ్చి చేయించుకుంటున్నారు. ఈ చికిత్స వల్ల కొందరికి కొంత మేలు ఉన్నమాట నిజమే. అయితే ఎవరికి పనికొస్తుంది, ఎంతవరకు పనికొస్తుంది, ఎవరి చేత చేయించుకోవాలి అన్న మూడు సంగతులు తెలియకుండా కుర్చీలో కూర్చోకూడదు.

చర్మం పైపొర సంగతి

మన చర్మంలో పైన కనబడే భాగాన్ని బాహ్యచర్మం అంటారు. దానిలోనూ అన్నిటికంటే పైన చచ్చిపోయిన కణాల పొర ఒకటి ఉంటుంది. ముఖం మీద ఆ పొర మందం సుమారుగా మిల్లీమీటరులో వందో వంతు నుంచి ఏభయ్యో వంతు. మీ చేతిలో ఉన్న ఈ కాగితం కంటే అది చాలా పలుచన. ఇంత పలుచని పొరే మన ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపుతుంది. దుమ్మును, సూక్ష్మక్రిములను లోపలికి రానివ్వకుండా కాపలా కాస్తుంది.

అడుగున కొత్త కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, చివరికి చచ్చి పొట్టులా రాలిపోతూ ఉంటాయి. వయసులో ఉన్నవారికి ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. చచ్చిన కణాలు సరిగా రాలకుండా పేరుకుపోయినప్పుడు ముఖం జీవం లేనట్టు, గరుకుగా కనబడుతుంది. చర్మరంధ్రాలు మూసుకుని నల్లటి చుక్కలు వస్తాయి.

తాడేపల్లిగూడెం, తణుకు వైపు రైసు మిల్లుల్లో బియ్యానికి పాలిష్ పట్టడం మనలో చాలామంది చూసినదే. ఊక తీసిన దంపుడు బియ్యం గోధుమరంగులో ఉంటాయి. ఒక పట్టు పడితే కొంచెం తెలుపు వస్తుంది. ఇంకా తెల్లగా రావాలని పట్టుమీద పట్టు వేస్తే బలమంతా తవుడులో పోతుంది, గింజ విరిగి నూకలవుతుంది. చర్మానికి పాలిష్ పెట్టడం కూడా ఇంచుమించు అలాంటిదే. ఒక తేడా ఉంది. గింజకు తవుడు మళ్ళీ పుట్టదు, చర్మానికి పైపొర కొద్దిరోజుల్లో మళ్ళీ పుడుతుంది. పైపొర వరకే తీస్తే ఇబ్బంది లేదు. అంతకు లోపలికి వెళితే చర్మం గాయపడినట్టే లెక్క.

మిషను ఏం చేస్తుంది?

చర్మాన్ని అరగదీసి నునుపు చేయాలన్న ఆలోచన పాతదే. జర్మనీకి చెందిన క్రోమయర్ అనే డాక్టరు 1905 ప్రాంతంలోనే తిరిగే చక్రాలతో మచ్చలను అరగదీసేవాడు. దాన్ని డెర్మాబ్రేషన్ అంటారు. అది లోపలి చర్మం దాకా వెళుతుంది, మత్తుమందు కావాలి, రక్తం వస్తుంది, మానడానికి రోజులు పడుతుంది. దానికి చాలా తేలికైన పద్ధతిని 1985లో ఇటలీలో తయారుచేశారు. అదే మైక్రోడెర్మాబ్రేషన్. 1990ల మధ్యలో అమెరికాకు, ఆ తరువాత మన దేశానికి వచ్చింది.

దీనిలో రెండు రకాల మిషన్లు ఉన్నాయి. మొదటి రకంలో అల్యూమినియం ఆక్సైడు అనే పదార్థపు సన్నని పలుకులు ఒక గొట్టం ద్వారా వచ్చి చర్మానికి తగులుతాయి. అదే గొట్టం గాలిని పీలుస్తూ ఆ పలుకులను, ఊడిన చచ్చిన కణాలను వేరే సీసాలోకి లాగేస్తుంది. కెంపు, నీలం రాళ్ళు కూడా అల్యూమినియం ఆక్సైడు జాతివే. అంత గట్టి పదార్థం కాబట్టే మెత్తగా తగిలినా చర్మం పైపొరను గీకగలుగుతుంది. రెండో రకంలో పొడి ఉండదు. గొట్టం మొనకు వజ్రపు రజను అతికించి ఉంటుంది. వడ్రంగి ఉప్పుకాగితంతో చెక్కను నునుపు చేసినట్టు ఆ మొనను ముఖం మీద మెల్లగా లాగుతారు. పొడి కంట్లో పడే, ముక్కులోకి పోయే బెడద లేదు కాబట్టి ఈ రకాన్ని ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు.

ఒకసారి చేయడానికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. మత్తుమందు అక్కర్లేదు. పిల్లి నాలుకతో నాకినట్టు గరుకుగా, కొంచెం లాగుతున్నట్టు ఉంటుంది. తరువాత ముఖం ఎర్రబడి, ఎండలో తిరిగివచ్చినట్టు కాస్త మంటగా ఉంటుంది. ఈ ఎరుపు సాధారణంగా కొన్ని గంటల నుంచి ఒకరోజు లోపల తగ్గిపోతుంది. వారానికో రెండు వారాలకో ఒకసారి చొప్పున ఐదారు సార్లు, కొందరికి అంతకంటే ఎక్కువసార్లు చేస్తారు. ఒక్కసారికే పెద్ద మార్పు కనబడదు.

ఎంత లోతు వెళ్ళేదీ నాలుగు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. గాలి పీల్చే బలం ఎంత పెట్టారు, పొడి ఎంత వదిలారు లేదా మొన ఎంత గరుకైనది, చెయ్యి ఎంత నెమ్మదిగా కదిలింది, ఒకేచోట ఎన్నిసార్లు తిప్పారు అన్నవే ఆ నాలుగూ. ఈ నాలుగూ మిషను నడిపే మనిషి చేతిలోనే ఉంటాయి. అందుకే మిషను ఏ దేశానిదని అడిగేకంటే, నడిపే మనిషి ఎక్కడ నేర్చుకున్నారని అడగడం మంచిది.

దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు?

ముఖం గరుకుగా, నిర్జీవంగా ఉన్నవారికి ఇది పనిచేస్తుంది. మూసుకుపోయిన రంధ్రాలు, నల్లటి చుక్కలు, చాలా సన్నని ముడతలు, మొటిమలు తగ్గాక మిగిలే పైపై గరుకుదనం కొంత మెరుగవుతాయి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం చర్మవైద్యులు 2009లో ప్రచురించిన పరిశోధనలో, గరుకు మొనతో చేసినప్పుడు లోపలి చర్మంలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు తయారీ పెరిగిందని, సన్నని మొనతో అలా జరగలేదని తేలింది. మరి గరుకు మొన వాడితే సరిపోతుంది కదా అనుకోకండి. అది డాక్టరు చేతిలో ఉండాల్సిన పనిముట్టు. మన రంగు చర్మానికి దానితో వచ్చే చిక్కు ఏమిటో కింద రాశాను.

మొటిమల వల్ల పడిన లోతైన గుంటలు దీనితో పూడవు. అమ్మవారు పోసినప్పుడు పడిన గుంటలు పోవు. బుగ్గల మీది మంగు మచ్చలు చర్మంలో లోతుగా ఉంటాయి కాబట్టి పైపొర తీసినంత మాత్రాన పోవు. ఎక్కువగా రుద్దితే మంగు ఇంకా ముదురుతుంది కూడా. కాన్పు మచ్చలకు, పాత కాలిన మచ్చలకు ఇది చికిత్స కాదు. "ఆరు సిట్టింగులలో గుంటలన్నీ పోతాయి" అని ఎవరైనా హామీ ఇస్తే డబ్బు కట్టకండి.

రంగు మారుతుందా?

అడిగేవాళ్ళ అసలు ప్రశ్న ఇదే. మారదు. మన చర్మానికి రంగునిచ్చేది మెలనిన్ అనే పదార్థం. దాన్ని తయారుచేసే కణాలు బాహ్యచర్మం అడుగున ఉంటాయి. పాలిష్ తీసేది అన్నిటికంటే పైనున్న చచ్చిన పొరను. పాలిష్ తరువాత ముఖం నున్నబడి వెలుతురు బాగా పడుతుంది కాబట్టి తేటగా కనబడుతుంది. పుట్టుకతో వచ్చిన రంగు మాత్రం అదే ఉంటుంది.

అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో, ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో దాన్నిబట్టి చర్మాన్ని రకాలుగా విడదీశాడు. ఆ పట్టికలో ఇప్పుడు ఆరు రకాలున్నాయి. మనవాళ్ళలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాలలోకి వస్తారు. ఈ చర్మానికి ఒక గొప్ప గుణం ఉంది. ఎండను బాగా తట్టుకుంటుంది. ఒక బలహీనత కూడా ఉంది. దెబ్బ తగిలినా, కాలినా, మొటిమ గిల్లినా, ఎక్కువ రుద్దినా, మానిన చోట నల్లమచ్చ మిగులుతుంది. చిన్నప్పుడు దోమ కుట్టినచోట గోకితే పడిన మచ్చ నెలల తరబడి ఉండటం మనందరికీ తెలుసు. మిషనుతో లోతుగా గీకినా జరిగేది అదే. మచ్చలు పోవాలని వెళ్ళి బుగ్గ మీద మిషను తిరిగిన దారిలోనే నల్లచారలు తెచ్చుకోవడం పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు అవుతుంది. ఈ చారలు చాలావరకు తగ్గుతాయి కాని, నెలలు పడుతుంది. పెళ్ళి ముహూర్తం అంతకాలం ఆగదు.

అలాగని మన చర్మానికి ఇది అసలు పనికిరాదని కాదు. తేలికగా, పైపొర వరకే చేస్తే మన రంగువారికి కూడా ఇది క్షేమమేనని చర్మవైద్యుల అనుభవం. తొందర, అతి అన్నవే చిక్కు తెస్తాయి.

మన ప్రాంతం ఎండ

ఈ చికిత్స పుట్టినది చలి దేశాల్లో. మనది ఎండ దేశం. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద పనిచేసేవాళ్ళకు, పడవలో తిరిగేవాళ్ళకు, వరి నాట్లకు వెళ్ళేవాళ్ళకు నీడ అన్నది దొరకదు. పైన ఎండ, కింద నీళ్ళ మీద పడి తిరిగి మొహానికి కొట్టే ఎండ. పాలిష్ పెట్టించుకున్న ముఖానికి కాపలా పొర పలుచబడి ఉంటుంది. ఆ ముఖంతో మర్నాడే చెరువు గట్టు మీదికో, తాడేపల్లిగూడెం నుంచి స్కూటీ మీద కాలేజీకో వెళితే నల్లబడటం ఖాయం.

కాబట్టి చేయించుకునే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. కనీసం వారం పది రోజులు ఎండ తగలకుండా ఉండటం నాకు కుదురుతుందా? కుదరనివాళ్ళు ఆ డబ్బు పెట్టి మంచి గొడుగు, ఒక సన్‌స్క్రీన్ ట్యూబు కొనుక్కుంటే ముఖానికి ఎక్కువ మేలు. ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది కొని, బయటికి వెళ్ళే పావుగంట ముందు రాసుకోవాలి. ఎండలో ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి. చెమట పట్టి తుడుచుకుంటే అదీ పోతుందని గుర్తుంచుకోండి.

క్రీముల మీద పాలిష్

మా ఓ.పి.లో నేను మొదట అడిగేది "ఇంతవరకు ఏ క్రీములు రాశావమ్మా? ట్యూబు తెచ్చావా?" అని. చాలామంది "ఏం రాయలేదండీ, మామూలు క్రీమే" అంటారు. బ్యాగులోంచి తీసి చూపిస్తే దానిమీద బెటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ అనే పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. ఇవన్నీ స్టెరాయిడ్ మందులు. కొన్ని జబ్బులకు డాక్టరు చెప్పినన్ని రోజులు రాస్తే మంచి మందులే. తెలుపు కోసం నెలల తరబడి రాస్తే ముఖం చర్మం పలుచబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలుతాయి, మొటిమలు వస్తాయి, మీసాల దగ్గర వెంట్రుకలు పెరుగుతాయి. మానేస్తే మంట, ఎరుపు. దాంతో మళ్ళీ అదే రాస్తారు.

మన దేశంలో 12 కేంద్రాలలో ముఖం మీద చర్మసమస్యలతో వచ్చిన 2,926 మందిని పరీక్షించి 2011లో చర్మవైద్యుల పత్రికలో ఒక పరిశీలన ప్రచురించారు. వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీములు రాస్తున్నారు. ఆ 433 మందిలో 126 మంది వాటిని తెలుపు క్రీముగానో మామూలు క్రీముగానో వాడుతున్నవారే. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 రకాల పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కింద చేర్చింది. అయినా చీటీ లేకుండా కొన్న ట్యూబులు మాకు ఇప్పటికీ కనబడుతూనే ఉన్నాయి.

ఇలా పలుచబడిన ముఖం మీద మిషను పెడితే చర్మం తట్టుకోలేదు. రక్తపు చుక్కలు తేలుతాయి. ఇంకో ప్రమాదం ఉంది. పైపొర తీసిన తరువాత ఏ మందు రాసినా మామూలుకంటే ఎక్కువగా లోపలికి దిగుతుంది. అందుకే పాలిష్ అయిన వెంటనే బ్లీచు పెట్టడం, తెలుపు క్రీము రాయడం కొరివితో తల గోక్కోవడమే.

మచ్చ ఏదో తెలియకుండా మిషను వద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పార్లరులో మచ్చను మచ్చగానే చూస్తారు. అది ఏ జబ్బు మచ్చో చూసేది డాక్టరు. తామర ఉన్నచోట మిషను తిప్పితే తామర ముఖమంతా పాకుతుంది. ఆ మొన సరిగా శుద్ధి చేయకపోతే తరువాత కూర్చున్నవాళ్ళకూ అంటుతుంది. పులిపిర్లు, జ్వరం పొక్కులు కూడా అంతే. శోభి మచ్చలకు కావలసింది మందు, పాలిష్ కాదు. బొల్లి ఉన్నవారికి చర్మం గీసుకున్న చోటల్లా కొత్త తెల్లమచ్చలు రావచ్చు. వాళ్ళు దీని జోలికి అసలు పోకూడదు.

కొంతకాలం క్రితం లంక గ్రామం నుంచి ఒకమ్మాయి తల్లితో కలిసి మా ఓ.పి.కి వచ్చింది. పెళ్ళి కుదిరింది. మోచేతి పైన అరచేయంత పాలిపోయిన మచ్చ ఉందని, ముఖంతోపాటు చేతులకు కూడా మూడుసార్లు పాలిష్ చేయించారు. మచ్చ పోలేదని చూపించడానికి వచ్చారు. నేను ఊరికే మాటల్లో "మిషను పెట్టినప్పుడు మంట పుట్టిందా తల్లీ?" అని అడిగాను. "మొహం మీద, చేతుల మీద అంతా చురుక్కుమందండీ. ఆ మచ్చ మీద మటుకు ఏం తెలీలేదండీ" అంది. డాక్టరు గారు దూది కొసతో తాకి చూస్తే ఆ మచ్చ వరకు స్పర్శ లేదు. పరీక్షలయ్యాక కుష్ఠువ్యాధి అని తేలింది.

ఆ తల్లి అక్కడే నేల మీద కూలబడిపోయింది. ఆమెకు మేం చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు. మందులు ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితం. జబ్బు రకాన్నిబట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే చాలు. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. వంశపారంపర్యంగా వచ్చేది కాదు, పాపఫలం అంతకన్నా కాదు. 2005 చివరికి దేశం మొత్తం మీద ఈ వ్యాధి పదివేల జనాభాకు ఒకరికంటే తక్కువ స్థాయికి తగ్గిందన్నది నిజమే కాని, పూర్తిగా పోలేదు. కొత్త కేసులు ఏటా వస్తూనే ఉన్నాయి. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని చేతివేళ్ళు వంకరపోతాయి. ఆ అమ్మాయికి వేళ్ళు చక్కగా ఉండగానే మందులు మొదలయ్యాయి. ఇంకో ఆరు సిట్టింగులకు డబ్బు కట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

చర్మవైద్యుల డిగ్రీలో డి.వి.ఎల్. అన్న మూడు అక్షరాలు మీరు చూసే ఉంటారు. అందులో చివరి ఎల్. అంటే కుష్ఠువ్యాధే. అందం కోసం వచ్చినవారి చర్మాన్ని కూడా ఆ కంటితో చూడగలిగేది వాళ్ళే. పాలిపోయిన మచ్చ, ఎర్రటి మచ్చ, స్పర్శ తగ్గిన మచ్చ ఒంటిమీద ఎక్కడ ఉన్నా పార్లరుకు వెళ్ళే ముందు డాక్టరుకు చూపించండి. ముఖం మీది మచ్చలలో స్పర్శ ఉన్నా సరే, చూపించాల్సిందే. ముఖానికి నరాలు ఎక్కువ కాబట్టి అక్కడ స్పర్శ తగ్గిన సంగతి తేలికగా తెలియదు.

శుభ్రత: నర్సు కంటితో చూడండి

నా ఉద్యోగమంతా పనిముట్ల శుద్ధి చుట్టూనే తిరిగింది కాబట్టి ఈ విషయం కొంచెం గట్టిగా చెబుతాను. పాలిష్ సమయంలో కంటికి కనబడనంత సన్నని రక్తపు చుక్కలు మొనకు అంటవచ్చు. హెపటైటిస్ బి వైరసు ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే మొన మెరుస్తుంది కాని, శుద్ధి అయినట్టు కాదు.

లోహపు మొనను ముందు సబ్బునీళ్ళతో బ్రష్షు పెట్టి కడగాలి. తరువాత ఆటోక్లేవులో పెట్టాలి. 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడి, చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి, 15 నుంచి 20 నిమిషాలు. ప్యాకెట్టు మీద అతికించిన టేపు చారలు నల్లబడితే వేడి తగిలిందని గుర్తు. మీ ముందే ప్యాకెట్టు విప్పమని అడగండి. అడగడం తప్పు కాదు. మొన ఒకరికి ఒకటి. పొడి మిషను అయితే ఒకసారి వాడిన పొడిని పారేయాలి, మళ్ళీ నింపకూడదు. కళ్ళకు అద్దాలో ప్యాడ్లో పెట్టాలి, ఆ పలుకు కంటిపాపను గీస్తుంది. చేసేవాళ్ళు చేతులు కడుక్కుని గ్లౌజులు, పొడి మిషను అయితే మాస్కు కూడా వేసుకోవాలి.

పార్లర్లు నడుపుకునే మా చెల్లెళ్ళకు కూడా ఒక మాట. మీ కష్టం మాకు తెలుసు. అప్పు చేసి మిషను కొని, కుటుంబాన్ని నిలబెట్టుకుంటున్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకోండి, అది మీ రక్షణ కోసమే. అనుమానం ఉన్న మచ్చను ముట్టుకోకుండా "ముందు డాక్టరుకు చూపించి రండమ్మా" అని పంపించండి. ఒక సిట్టింగు డబ్బు పోతుంది కాని, మీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఎవరు చేయించుకోకూడదు?

- ముఖం మీద చీము మొటిమలు, పొక్కులు, పులిపిర్లు, తామర, పుండ్లు ఉన్నవారు, అవి తగ్గేవరకు.
- బొల్లి ఉన్నవారు. దెబ్బ తగిలినచోట చర్మం ఉబ్బి గట్టిపడే గుణం, అంటే కీలాయిడ్, ఉన్నవారు.
- స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నవారు, ఎండకు చర్మం కమిలినవారు.
- షుగరు అదుపులో లేనివారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా చేయించుకోకూడదు.
- మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతున్నవారు. ఈ మాత్రలు ఆపి ఆరు నెలలు ఆగాలని ఇదివరకు చెప్పేవారు. పైపై చికిత్సలకు అంతకాలం ఆగనవసరం లేదని 2017 నుంచి నిపుణులు చెబుతున్నారు. కాని ఆ నిర్ణయం డాక్టరుదే. మాత్రల సంగతి దాచకండి.

చేయించుకోదలచినవారు పాటించవలసినవి

1. పెళ్ళికి కనీసం మూడు నెలల ముందు చర్మవైద్యునికి చూపించుకోండి. ఇప్పటివరకు వాడిన క్రీములు, మాత్రలు అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి.
2. మొదట దవడ కింద చిన్న భాగంలో చేయించి, రెండు వారాలు ఆగి నల్లబడుతుందేమో చూసుకోండి.
3. చివరి సిట్టింగు పెళ్ళికి రెండు వారాల ముందే అయిపోవాలి. పెళ్ళివారంలో మొదటిసారి ప్రయోగం వద్దే వద్దు.
4. సిట్టింగుకు వారం ముందు, వారం తరువాత బ్లీచు, వ్యాక్సింగు, త్రెడ్డింగు చేయించకండి. శనగపిండి నలుగు, బీరపీచు కూడా ఆ రోజుల్లో ముఖానికి తగలనివ్వకండి.
5. తరువాత మూడు నాలుగు రోజులు చన్నీళ్ళతో మెత్తగా కడిగి, తట్టినట్టు తుడుచుకోండి. వాసనలేని మాయిశ్చరైజరు, పగలు సన్‌స్క్రీన్ చాలు. పసుపు, నిమ్మరసం, టూత్‌పేస్టు వంటివి రాయకండి.
6. ఎరుపు రెండు రోజులకు తగ్గకపోయినా, నీటిపొక్కులు, చీము, వాపు వచ్చినా, కంట్లో గరగరలాడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. మందుల షాపులో ట్యూబు కొని రాయకండి.

అమ్మలకు, అత్తలకు

ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో పనిచేస్తూ నేను గమనించింది ఒకటి ఉంది. అమ్మాయి తనంతట తాను పాలిష్ కావాలని వచ్చేది తక్కువ. "అబ్బాయి తెల్లగా ఉంటాడండీ, మా పిల్ల పక్కన నిలబడితే బాగోదు" అని తల్లి అంటుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు రంగు మాట ఎత్తారని మేనత్త అంటుంది. ఆ పిల్ల తలవంచుకుని వింటూ ఉంటుంది. 1975 నుంచి మన ఇళ్ళలో ఉన్న ఒక పేరుమోసిన తెలుపు క్రీము 2020లో తన పేరులోంచి తెలుపన్న మాటను తీసేసింది. మన ఇళ్ళల్లో మాట మాత్రం ఇంకా మారలేదు.

ముఖం శుభ్రంగా, నున్నగా ఉండాలనుకోవడంలో తప్పులేదు. దానికి పాలిష్ పనికొస్తుందని డాక్టరు చెబితే నిక్షేపంగా చేయించుకోవచ్చు. ముఖం పాలిపోయి నీరసంగా ఉందంటే మాత్రం, పాలిష్ కంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తెల్లబడిందని మీరు మురిసిపోయే ముఖం వెనుక రక్తహీనత ఉండవచ్చు. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం, ఐరన్ మాత్రలూ ఉచితం.

ఏలూరులో చర్మవ్యాధుల విభాగం ఉన్న వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి. మన ఆసుపత్రి ఓ.పి. ఉంది. వచ్చేటప్పుడు ముఖానికి పౌడరు, క్రీము ఏమీ రాయకుండా కడుక్కుని రండి. వాడిన ట్యూబులు తెచ్చుకోండి. ఒంటిమీద మచ్చలేమైనా ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. లోపల పరదా ఉంది, పక్కన మేం ఉంటాం.